కాలందే ఎత్తు

గరివిడి దాటాక మాంగనీసు తవ్వి వదిలేసిన గుట్టలున్నాయి.
ముప్పై ఏళ్లు అక్కడ డంపర్ తోలాను.
నల్లమట్టి ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఎక్కడ దగా చేస్తుందో
నా కళ్లకంటే నా నడుముకి బాగా తెలుసు.
ఇప్పుడా గుట్టల మీద ఆదివారం ఆదివారం
కుర్రోళ్లు బళ్లు ఎగరేస్తున్నారు.

నాకు యాభై తొమ్మిది.
కుడి మోకాలిలో రెండు మేకులు.
డాక్టరు వాకింగ్ చెయ్యమన్నాడు.
పీఎఫ్ డబ్బులో ఇంటి స్లాబు పోగా మిగిలింది
లక్షా పదివేలు, కొంచెం పిచ్చి.

మొదట నాలుగొందల యాభై చూశాను.
విజయనగరం కంటోన్మెంటు దగ్గర షెడ్డులో, టార్పాలిన్ కింద,
కట్టు తెంపుకొచ్చిన కోడెలా పక్కకి వాలి ఉంది.
ఎక్కాను. ఎక్కడమంటే
ఎడం కాలు పెగ్గు మీద, కుడి కాలు గాల్లో,
మధ్యలో నడుం "ఏటిది?" అని అడగడం.
కూర్చున్నాక బొటనవేళ్లు రెండూ నేలని వెతుక్కున్నాయి,
కరెంటు పోయిన రాత్రి చెప్పులు వెతుక్కున్నట్టు.
అయినా దిగలేదు.
షెడ్డు అద్దంలో ఇరవై నాలుగేళ్ల వాడొకడు
చీపురుపల్లి రోడ్డు మీద యెజ్డీ పెగ్గుల మీద నించుని
వెనక్కి చూడకుండా పోతున్నాడు.

మెకానిక్ కర్రోతు బంగారయ్య బీడీ ఆర్పి అన్నాడు:
"బావూ, ఇది నువ్వు తోలీ బండి కాదు.
నిన్ను తోలీసీ బండి."

మా తాత మానాపురం సంతలో ఎడ్లు కొనేవాడు.
కొమ్ములకి రంగేసి, మెడలో గంట కట్టి నిలబెడితే
తాత కొమ్ముల వైపే చూసేవాడు కాదు.
నడిపించమనేవాడు. తర్వాత ఆపమనేవాడు.
"నడవడం అన్నీ నడుస్తాయిరా. ఆగడం సూడాల."

తర్వాత నూట పాతిక, టూ స్ట్రోక్.
ఆ పొగ వాసనకే సగం కొనేశాను.
కానీ అది అరిస్తేనే పలుకుతుంది,
మెల్లగా పిలిస్తే చెవిటి.
పైగా కిక్కు కొట్టాలి.
కిక్కు అన్న మాట వింటేనే మేకులు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.
మీట నొక్కితే రాజుకునేది కావాలి. సిగ్గేముంది,
మా ఇంట్లో పొయ్యి కూడా అలాగే రాజుకుంటోంది.

చివరికి బంగారయ్య బొండపల్లి తీసుకెళ్లాడు.
ఒక పెంకుటింటి అరుగు పక్కన నూట యాభై. చిన్న చక్రాలు.
బండి సొంతదారు పదిహేనేళ్ల గుంట, పేరు మౌళిక.
రెండు జడలు, మోచేతికి మానిన గీత.
వాళ్ల నాన్న నోరు తెరవబోతే ఆపి తనే చెప్పింది:
"వేడెక్కితే మూడో గేరు జారతాది.
ఫోర్కు సీళ్లు నేనే మార్చాను, ఎడమది మళ్లీ కారతాంది.
వాన పడ్డాక వెనక టైరులో గాలి కొంచెం తగ్గించుకో తాతా."
"ఇంత బాగా ఎరిగినదానివి, మరెందుకమ్మా అమ్మడం?"
"నాకు పొట్టయిపోనాది."

ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను.
తను పెరిగి దిగిన చోటే
నేను తరిగి ఎక్కుతున్నాను.
ఇంక బేరమాడలేదు.
ఆడాను. రెండు వేలకి. అలవాటు కొద్దీ.

రెండు పాదాలూ నేలకి ఆనాయి, మడమలతో సహా.

ఆదివారం గుట్ట మీద కుర్రోళ్లు తాటిచెట్టంత లేచారు.
నేను లేచింది జానెడు.
టైరుకీ మట్టికీ నడుమ జానెడు ఖాళీ,
అందులో చప్పుడు కూడా ఒక్క క్షణం మానేసింది.
దిగినప్పుడు స్ప్రింగు అడుగంటా కూలబడింది,
పిల్ల బరువుకి పెట్టినది, నా డెబ్బై రెండు కిలోలని మొయ్యదు.
మార్చాలి. మళ్లీ ఖర్చు.

ఇంటికొచ్చి మోకాలికి ఐసు పెట్టుకుంటుంటే
సూరీడమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి,
సీటు మీద మట్టి కొంగుతో తుడిచి,
"ఎంత?" అంది.
"నూట యాభై," అన్నాను.
"నేనడిగింది డబ్బులు," అంది.