పదిహేడో సొరుగు

సొరుగు లాగితే ముందు నాఫ్తలీన్ వాసన,
ఆ వెనకే ఉప్పుగాలి వాసన.
విశాఖలో ఏ పెట్టె తెరిచినా రెండోది తప్పదు.
మా కాలేజీ మ్యూజియంలో
పదిహేడో సొరుగు నిండా అమెరికా ఉండేది:
నలభై మూడు చిమ్మెటలు,
ఎవరో పాత ప్రొఫెసరు ఓడలో పట్టుకొచ్చినవి.
ఒక్కోదాని వీపులో ఒక సూది,
సూది కింద అగ్గిపెట్టె బొమ్మంత కాగితం.
"ఒహాయో, జూన్ 1958, వరండా దీపం దగ్గర."

సన్యాసమ్మ అద్దాలు తుడుస్తూ
"సదువు బాబూ, ఏటి రాసుందో" అనేది.
చదివేవాణ్ణి.

ఇది సెక్రోపియా. అరచెయ్యంత.
ఆడది కొమ్మ పట్టుకుని కూర్చుని
గాలిలోకి ఒక వాసన వదులుతుంది.
మైలు అవతల ఉన్న మగవాటి మీసాలకి తెలిసిపోతుంది.
"మా జాలారిపేటలో ఎండుచేపలారేస్తే
పిల్లులకీ అలాగే తెలిసిపోతాది."

ఇది ఇసబెల్లా. దీని గొంగళి
చలికాలమంతా మంచులో గడ్డకట్టి,
ఎండ తగలగానే కరిగి
ఆపిన చోటు నుంచి నడక మొదలెడుతుంది.
ఈసారి గుడ్డ ఆగింది.
"ఐసుపెట్టిలో చేప లేచి నడిసినట్టా?"
అంతే.
నమ్మలేదు. మళ్లీ తుడిచింది.

ఇది లూనా. లేత జామాకు రంగు, రెండు పొడుగు తోకలు.
గబ్బిలం తరిమితే తోకలు గిరగిరా తిరుగుతాయి,
అది తోకని కొరుక్కుని పోతుంది,
చిరిగిన అంచుతో ఇది బతికిపోతుంది.
కాకపోతే వారం రోజులే.
దీనికి తినే నోరు లేదు సన్యాసమ్మా,
గొంగళిగా ఉన్నప్పుడు తిన్నదే తిండి.

"నోరు నేదా?
మరి నోరు నేని దానికి దీపంతో ఏటి పని?"

శాస్త్రంలో మూడు నాలుగు జవాబులున్నాయి.
ఏదీ ఆమె కళ్లలోకి చూసి చెప్పేంత గట్టిది కాదు.

ఆ అక్టోబరు ఆదివారం హుద్‌హుద్ వచ్చింది.
కిటికీని చెక్కతో సహా పీక్కుపోయింది.
పడిన చెట్లు దాటుకుంటూ మూడో రోజుకి చేరాను.
పదిహేడో సొరుగు ఒక చిన్న చెరువు.
ఒహాయో కరిగి మసాచుసెట్స్‌లో కలిసింది.
సూదులు నిలబడే ఉన్నాయి,
వాటికి పట్టుకోడానికే ఏమీ లేదు.

సన్యాసమ్మ వేలితో అడుగున మడ్డి తీసింది.
"ఈ మెరిసే పొడేటి?"
పొడి కాదు. పొలుసులు.
రెక్క రెక్కంతా పొలుసులే.
"చేపకి మల్లేనా?"
చేపకి మల్లే.
చాలాసేపు చెయ్యి కడుక్కోలేదు.

ఇంటి రేకులు పోయాయి కనక
పేట ఆడవాళ్లతో కాలేజీ వరండాలోనే పడుకునేది.
ఊరంతా కరెంటు లేదు.
యారాడ కొండ దాకా ఒకటే నలుపు,
చంద్రుడు అర్ధరాత్రి దాటితే గాని లేవడు.
తాడు మీద ఆరేసిన దుప్పటి, పక్కన లాంతరు.

నాలుగో రాత్రి ఆ దుప్పటి మీద
లేత జామాకు రంగు వాలింది.
రెండు తోకలు. ఒకటి సగమే.
కంబాలకొండలో ఆకు మిగల్లేదు,
ఏ బోడి కొమ్మ వదిలి వచ్చిందో.
లూనాకి ఈ దేశంలో అక్క వరస,
ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ప్రాణంతో చూడని అక్క.

నా చెయ్యి అలవాటుగా సీసా కోసం వెతికింది.

సన్యాసమ్మ వంగి లాంతరు ఊదేసింది.
"వారమే కదా బాబూ" అంది చీకట్లోంచి,
"ఇక్కడ పారేసుకోడం దేనికి."

కాసేపటికి దుప్పటి కదిలింది. గాలి కావచ్చు.

సొరుగు ఆరబెట్టి మళ్లీ బిగించాను.
అందులో ఒక్క సూది ఉంది, ఖాళీగా,
దాని కింద నా చేతిరాత:
"విశాఖపట్నం, అక్టోబరు 2014, దీపం ఆర్పాక."