లేని రంగు

వాన వెలిసిన పత్తర్‌గట్టి వెనక సందు.
మోకాలి మీద కూర్చుని
గుంటలో నీళ్ల మీదికి కెమెరా వంచాను.

పైన తాళ్ల మీద
గౌస్ మియా రంగులద్దిన దుపట్టాలు.
కింద అవే, తలకిందులుగా:
గులాబీ, పసుపు, చిలకపచ్చ.

నీళ్లు ఎప్పుడు నిలుస్తాయా అని
ఊపిరి బిగబట్టి చూస్తుంటే
ఆటో ఒకటి చక్రం ముంచి పోయింది.

పసుపు వెళ్లి గులాబీలో పడింది.
పచ్చ పాముపిల్లల్లా చెదిరింది.
కరెంటు తీగ వంద ముక్కలు.
తిట్టబోతూ నొక్కేశాను.

మోచేతుల దాకా నీలం చేతులు
లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు గౌస్ మియా.
తెర మీద ఓ మూలని
వేళ్లతో పెద్దది చేసి
చాలాసేపు చూశాడు.
"ఈ రంగు నా కాడ లేదు సాబ్."

మోకాలు ఇంకా తడిగానే ఉంది.
లోపల ఒక్కొక్కటే
డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు.