షిల్లింగు

క్లబ్బు స్కోరు పుస్తకంలో లేడు.
పురుగు తిన్న పేజీలు కూడా ఎత్తి చూశాను.
కెటిల్ కొన్న ఖర్చు ఉంది,
రోలరు లాగిన గాడిద దాణా ఖర్చు ఉంది,
గాడిద పేరు కూడా ఉంది, డచెస్ అని.
జోబ్ గిట్టెన్స్ లేడు.

బ్రిడ్జ్‌టౌన్‌లో మ్యాచ్ జరిగే రోజు అతను కంచె అవతల.
మిగతా రోజులు చేపల వల కట్టిన సందులో
చెరకు తోటల దొరలకి బంతులు వేసేవాడు,
చెప్పుల్లేని కాళ్ళతో,
చీకట్లో బంతి నల్లబడిపోయేదాకా.
నువ్వూ ఒకసారి బ్యాట్ పట్టరా అని
ఒక్కడూ అనలేదు.

సరదాకి మధ్య స్టంపు నెత్తిన
షిల్లింగు పెట్టేవారు.
పడగొడితే నీదే.

పడగొట్టేవాడు.
రోజూ కాదు, అక్కడే ఉంది అసలు సంగతి.
మరీ పడగొడితే రేపు నాణెం పెట్టరు,
బొత్తిగా పడగొట్టకపోతే రేపు పిలవరు.
ఆ రెంటి మధ్య సందు ఎంతో
అతని చూపుడువేలికి తెలుసు.

ఆ డబ్బుతో చెరకాకు కప్పు పీకేసి
రేకులు వేశాడు, పదకొండు.
ఒక్కో రేకుకి ఒక్కో దొర పేరు,
మేకుతో గీసి.
రాత్రి వాన మొదలైతే పిల్లల్ని లేపి
"వినండి, థార్న్‌బరీ గారి మీద పడుతోంది" అనేవాడట.
మూల కారితే
"అది కల్నల్ పిల్‌గ్రిమ్. ఆయన డిఫెన్సులో ఎప్పుడూ కంతే."

ఇదంతా చెప్పింది కలిస్టా,
ఆ పిల్లల్లో ఆఖరిది, మా ముత్తవ్వ.
చెబుతూ మధ్యలో నిద్రపోయేది.
లేచాక ఎక్కడ ఆపిందో అక్కడే అందుకునేది.

సెప్టెంబరు తుఫాను కప్పంతా లేపుకుపోయింది.
తడుస్తూ నిలబడి జోబ్ లెక్క చూశాడట:
"పది వికెట్లే కదా పడాలి,
పదకొండోవాడు నాటౌట్. వెతకండి."

తెల్లారాక దొరికింది,
పొరుగింటి పందుల దొడ్లో, సగం మడత పడి.

ఇప్పుడది కోళ్ళగూటి మీద ఉంది.
పేరు ఉన్నచోట తుప్పు.
థార్న్‌బరీయో, పిల్‌గ్రిమో, ఇంకెవరో,
వేలితో తడిమినా తెలియలేదు.

నేను వెళ్ళిన మధ్యాహ్నం
కాసేపు చినుకులు పడ్డాయి.
కోళ్ళు లోపలికి దూరాయి.
నేను బయటే ఉండి
విన్నాను.