నాలుగో మెట్టు

బ్రాడీపేటలో నా గది పదడుగులు.
ముప్పై అయిదు పెడితే ముక్కు పెద్దదవుతుంది,
యాభై పెడితే నా ఊపిరి ఆమె బుగ్గకి తగిలేలా ఉంది.
మస్తాన్‌బీ వేసిన కాటుక గీత మాత్రం
వెంట్రుకవాసి చెదరకుండా పడాలట.
"నా చేతిపని కనపడాలి గదన్నా!"

మాక్రో పెట్టి చూశాను.
పౌడరు కింద ఆటలమ్మ మిగిల్చిన గుంటలు
పేరు పెట్టి పిలిచినట్టు
ఒక్కొక్కటీ పలికాయి.
తీసేశాను.

ఎనభై అయిదుకి నా వీపు గోడకి ఆనింది.
ఆమె వెనక పెచ్చులన్నీ మెత్తగా కరిగిపోయాయి గానీ
కుర్చీలో కోటేశ్వరి
ఆధార్ కార్డు మొహమే పెట్టుకుని కూర్చుంది.

చివరికి అద్దెకు తెచ్చిన నూట ముప్పై అయిదు.
తలుపు బార్లా తీసి, వరండా దాటి
వెనక్కి వెనక్కి
నాలుగో మెట్టు దాకా దిగాను.
అక్కణ్ణుంచి నేను ఆమెకి ఎవరినీ కాను.

ఇంతలో యార్డు వైపు నుంచి గాలి మళ్లింది.
మిరప ఘాటు.
ఒక తుమ్ము,
దాని వెనకే ఎవరి కోసమూ కాని నవ్వు,
కళ్ళ చివర కాస్త తడి.

నొక్కాను.

మస్తాన్‌బీ ఫొటో వంక చాలాసేపు చూసింది.
"గీత చెదిరిందన్నా," అంది,
అంటూనే
తన ఫోనుకి పంపమంది.