౮, ౪, ౨, ౪

నక్కలగుట్టలో రెండో అంతస్తు మా ఆఫీసు.
కింద జిరాక్స్ షాపు, దాని ముందు మిర్చి బజ్జీల బండి.
నా పని చిన్నది.
ఒక అక్షరాల పోగు ఇస్తారు:
ఎనిమిది, కామా, నాలుగు, కామా, రెండు, కామా, నాలుగు.
దాన్ని విడదీసి గీత చెయ్యాలి.
ఎనిమిది పాళ్ల సిరా, నాలుగు పాళ్ల ఖాళీ,
రెండు సిరా, మళ్లీ నాలుగు ఖాళీ,
కాగితం అంచు తగిలేదాకా అదే నడక.

కామా దగ్గర తెంపు.
అంకెకు అటూ ఇటూ అంటిన ఖాళీలు దులుపు.
లెక్క బేసి వస్తే వరుసను రెండుసార్లు చదువు,
రెండో చుట్టులో సిరా ఖాళీ అవుతుంది, ఖాళీ సిరా అవుతుంది.
మైనస్ కనబడితే గడప దాటనియ్యకు.
ఇక ఒట్టి పోగు చేతికొస్తే,
లోపల ఒక్క అంకె కూడా లేకపోతే,
గీత తెగదు. నిండుగా సాగిపోతుంది.

ఈ చివరి నియమం నాది కాదు,
లైబ్రరీ రాసినవాళ్లెవరో పెట్టిపోయారు.
అప్పుడు నాకేమీ వింతగా తోచలేదు.

యాకయ్య సారు ట్రేసరు. రిటైరైనా వారానికి మూడు రోజులొస్తాడు.
ముప్పై ఏళ్లు ట్రేసింగ్ గుడ్డ మీద
ఈ తెగిన గీతల్ని చేత్తోనే వేశాడు,
ఊపిరి బిగబట్టి సిరా, వదిలి ఖాళీ.
"నిండు గీతంటే పారే కాలువ బిడ్డా.
తెగిన గీతంటే మంజూరున్నది, మన్ను తియ్యలె."

ఆ వారం ఫైలు ఆయనే కొట్టాడు, అంకెలు తెలుగులో.
పర్వతగిరి బడిలో పలక మీద
బలపం అరిగేదాకా దిద్దిన అంకెలు.
నా ప్రోగ్రాంకు తెలిసిన ముఖాలు పదే,
ఆ పదిలో ఇవి లేవు.
అరవలేదు, ఆగలేదు.
గుర్తుపట్టనివాళ్లను బయటే నిలబెట్టి
ఒట్టి పోగు అందించింది.

ఎర్రకుంటపల్లి దాకా పద్దెనిమిదో నంబరు కాలువ
ఆ మంగళవారం నిండుగా పారింది.
నలభై ప్రతులు. గ్రామసభలో పంచారు.

బొల్లం కొమురమ్మ మ్యాపును తలకిందులుగా పట్టుకొని,
పక్కోడు చెప్తే తిప్పుకొని,
తన చెల్క మీద వేలు పెట్టింది.
గట్టునానుకొని నీలం గీత.
"నడుమ యాడ తెగలె గదా?"
ఏఈ వంగి, అద్దాలు సర్దుకొని చూశాడు. తెగలేదన్నాడు.
అబద్ధమాడలేదు, చూసిందే చెప్పాడు.
మిరుగు ముందర ఇంకో పది రోజులు.
ఈసారి పత్తి పెట్టను, నారు పోస్తానందట.

తప్పు దొరకడానికి గంట పట్టింది,
దిద్దడానికి ఒక్క వరుస.
పరీక్ష రాశాను: ౮ అంటే ఎనిమిది, ౪ అంటే నాలుగు.
తెర మూల పచ్చటి టిక్కు వెలిగింది.
కాలువ మళ్లీ తెగింది,
పదహారు కిలోమీటర్లు, ముక్కలు ముక్కలు.

యాకయ్య సారు నా కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూశాడు.
"నా అంకెలు సదువ నేర్పినవా దానికి," అన్నాడు.
మెచ్చుకున్నాడో లేదో గొంతులో తెలియలేదు.
కింద బజ్జీల నూనె చిటపటమంటోంది.

ప్రతులు వెనక్కి తెప్పించాం.
ముప్పై తొమ్మిదొచ్చాయి.
నలభయ్యోదాని కోసం
ఎవరినీ పంపలేదు.