సి షిఫ్టు

ఆరాధన అయ్యాక
సగంమంది చెప్పులు వెతుక్కుంటారు.
మిగిలిన పద్నాలుగు మందిమి
చర్చి వెనక రేకుల షెడ్డులోకి పోతాం.
సండేస్కూలు పిల్లల బెంచీలవి,
మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి.
గోడమీద ఎవరో గుంటడు గీసిన జలప్రళయం ఓడ.
షిప్‌యార్డులో ముప్పైనాలుగేళ్ళు వెల్డింగు చేసినవాణ్ణి,
చూడగానే తెలిసింది నాకు:
ఆ ఓడ నీళ్ళలో నిలవదు.

పెద్దల క్లాసు అంటారు దీన్ని.
చెప్పేది మాత్రం సుకృత,
ఇరవైమూడేళ్ళది, కేజీహెచ్‌లో నర్సు.
నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చేస్తుంది.
కళ్ళకింద నలుపు,
మల్కాపురం మేడలమీద ఆరేసిన బట్టలకి
రిఫైనరీ మసి పట్టినట్టు.
దాని ప్రతిష్ఠ నాడు ఎత్తుకున్నవాణ్ణి,
ఇప్పుడది "తాతగారూ, మీరేమంటారు?" అంటే
బడిపిల్లాడిలా లేచి నిలబడిపోతాను.

ఆవేళ పాఠం, ప్రభువు శిష్యుల కాళ్ళు కడగడం.
గంప బయట దించి వచ్చిన మేరీ నూకాలమ్మ అడిగింది:
"కడిగినోడు సరే పాపా,
ఆ నీళ్ళెవరు మోసుకొచ్చేరు?"
ఎవరికీ తెలీదు.
పాస్టరుగారికీ తెలిసుండదు.
సుకృత పెన్ను కొస కొరికి
"రాయలేదమ్మా" అంది.
"మరదే" అంది నూకాలమ్మ.

అప్పుడు తిరిగింది రూళ్ళ నోటుపుస్తకం,
ఈ నెల సేవకి పేర్లివ్వండని.
చాపలు పరచడం: ఏలియా.
ప్రభుబల్ల గ్లాసులు కడగడం: ఏలియా భార్య సలోమి.
సింధియా ముసలమ్మల్ని ఆటోలో తేవడం: ఆనందపాల్,
పెట్రోలు డబ్బులిస్తే.
హార్మోనియం: ఎవరు వద్దన్నా దేవవరం.
పదకొండేళ్ళుగా నేను చేసేదొకటే,
పుస్తకాన్ని పక్కవాడికి అందించడం.
అదీ సేవేనని నవ్వేవాణ్ణి.
పాట రాదు. నలుగుర్లో ప్రార్థనకి నోరు తిరగదు.
ఆర్క్ వెలుగు తినేసిన కళ్ళు,
వాక్యం చదవబోతే అక్షరాలు ఈదుతాయి.

ఆఖరి గీత మీద:
'తోడెవరూ లేని రోగి పక్కన, రాత్రి.'
దానికెదురుగా ఖాళీ.
పేజీ వెనక్కి తిప్పాను.
పోయిన నెలా ఖాళీయే.
ఆ ముందు నెల కూడా.

నాకు నిద్ర పట్టదు.
ఎవరికీ చెప్పలేదిది.
రిటైరై నాలుగేళ్ళైనా
ఒంట్లోంచి సి షిఫ్టు దిగలేదు.
రాత్రి పది దాటగానే వెన్ను నిటారౌతుంది,
చెయ్యి హెల్మెట్ కోసం మేకు తడుముతుంది.
రిఫైనరీ మంట పైకప్పుమీద ఊగుతుంటే
మా ఇంటావిడ లేని మంచంమీద
మాత్రలు లెక్కపెడుతూ పడుంటాను.
జబ్బనుకున్నాను.
నయం చెయ్యమని మోకరించాను కూడా.

పెన్ను అడిగాను.
కొసన సుకృత పంటిగాట్లు.
పేరు రాస్తుంటే షెడ్డంతా ఒక్క క్షణం
దగ్గు మానేసింది.

మంగళవారం, మగవాళ్ళ వార్డు.
పాడేరు నుంచి తెచ్చి వదిలేసి పోయారట,
మంచానికి కట్టిన చీటీలో
చెమటకి పేరు సగం చెరిగిపోయిన ముసలాయన.
రెండింటికి కళ్ళు తెరిచాడు, నీళ్ళన్నాడు.
సీసా పట్టుకుని కారిడారు చివరిదాకా నడిచి
నింపుకుని తిరిగొస్తుంటే
గుర్తొచ్చింది నూకాలమ్మ ప్రశ్న.
నీళ్ళు కొంచెం తొణికాయి.

తాగి, మూతి తుడుచుకుని
"బాబూ, నువ్వెవరి తాలూకు?" అన్నాడు.
క్లాసులో నేర్చిన జవాబులు
నాలుగైదు నాలుకదాకా వచ్చాయి.
"పడుకో" అన్నాను.
"నేను మేలుకునే ఉంటాలే."

ఆరింటికి దిగాను.
బస్సులో కిటికీ పక్క సీటు.
కాన్వెంట్ జంక్షన్ దాటడం ఎరుగుదును,
ఆ తర్వాత ఏమీ తెలీదు.
కండక్టరు భుజం పట్టి కుదిపితే
బయట గాజువాక, ఎండ.
టికెట్టు మల్కాపురానికే ఉంది.
మిగతా దూరానికి చిల్లర అడిగాడు.