వైర్లు అడ్డం మార్చాక

చిత్తూరు పాలిటెక్నిక్, భోజనాల తర్వాతి ల్యాబు.
సబ్బుపెట్టెకు రెండు చక్రాలు, రెండు కళ్ళు.
ఎడమ కన్ను ఎడమ చక్రానికి, కుడిది కుడికి.
టార్చి వేశాను.
మొహం తిప్పుకుని బెంచీ కిందికి పోయింది.

"బయపడతా వుండాది సార్," అంది రెడ్డెమ్మ.

భయమని ఎక్కడ రాశాం?
రెండు వైర్లు, అంతే.
ఇంకో పెట్టెకు అడ్డం మార్చి కలిపాను,
పగబట్టినట్టు టార్చి మీదికే వచ్చింది.

చెంగల్రాయుడు జేబులోంచి బెల్లం ముక్క తీసి,
వాళ్ళ నాయన పెనం దగ్గరిది,
కిటికీ గట్టున పెట్టాడు.
గంట కొట్టేలోపు చీమలబారు.
ముందు పోయినదాని వాసనే
వెనకదానికి పాఠం.
నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

నెలరోజులు అంకెల చీటీలు కలిపాం.
గెలిచిన రెంటిని జతచేసి, కావాలనే
ఒక్క అంకె తప్పు రాసి వదిలాం.
పదకొండో తరానికి
వెలుగెక్కడుంటే అక్కడికి పరుగు.

ఆ సాయంత్రం పడమటెండ ల్యాబు గోడ మీద పడింది.
గెలిచినవన్నీ గోడకు మొహం ఆనించి
చక్రాలు కాలిన వాసన వచ్చేదాకా తిరిగాయి.

పిరికిదాన్ని విప్పెయ్యమని
మొదటి వారమే చెప్పాను.
రెడ్డెమ్మ విప్పలేదు.
బెంచీ కింద చీకట్లో ఉంది,
సగం బ్యాటరీతో.

మార్కుల పట్టీ తెరిచి చాలాసేపు కూర్చున్నాను.
గట్టు మీద బెల్లం లేదు.
చీమలూ లేవు.